కొండ తవ్వెడి కంపెనీ ఎవరిది?

మా ప్రాంతమున క్రొత్తవాడెవడైనను ఊరికి వచ్చి పొలము కొనదలచినను, జీడితోట కౌలుకు పట్టదలచినను, రచ్చబండవద్ద అతనికి ఎదురగు మొదటి ప్రశ్న ‘ఎవరి తాలూకా?’ అనునదే. ఆ ప్రశ్నలో అనుమానము కొంత ఉండవచ్చును గాని అధికభాగము లోకజ్ఞానమే. ఏలయన రేపు గట్టు తగవు వచ్చినను, కూలి బాకీ పడినను, నిలదీసి అడుగుటకు ఒక మనిషి ఉండవలెను. రోలుగుంట మండలములోని పల్లెలు తరతరములుగా ఈ న్యాయముననే ఇచ్చిపుచ్చుకొనుచు వచ్చినవి. అయితే అదే ఊరి చివరి కొండను తొలిచి రాయి తీసికొనిపోవుటకు ఒక కంపెనీ వచ్చినప్పుడు మాత్రము ఆ ప్రశ్నకు జవాబు చెప్పువాడు కనబడడు. బోర్డుమీద కంపెనీ పేరుండును, సర్వే నంబరుండును, లీజు గడువుండును, మనిషి పేరుండదు. డైరెక్టరని సంతకము చేసినవాడు నిజముగా యజమానియో, జీతగాడో, పేరు అరువిచ్చిన బంధువో పంచాయతీకి తెలియదు. పేలుడుకు గోడ బీటలువారినవాడును, లారీల ధూళికి పంట నష్టపోయినవాడును మేనేజరు దాకా పోగలరు. మేనేజరు వెనుక ఎవరున్నారో తెలిసికొనలేరు.

కంపెనీకి అసలు యజమానులెవరో ప్రభుత్వమునకు తెలుపవలెనను చట్టములు గడచిన పదేండ్లలో అనేక దేశములలో పుట్టినవి. పలుచోట్ల అవి న్యాయస్థానముల మెట్లెక్కినవి. మా పేరు చెప్పుమని నిర్బంధించుటకు ప్రభుత్వమునకు అధికారము లేదని కొందరును, మా ఏకాంతమునకు భంగము కలుగుచున్నదని కొందరును వాదించిరి. కొన్నిచోట్ల నెగ్గిరి కూడ. ఈ వాదములు అమెరికాకో ఐరోపాకో చెందినవని మనము ఊరకుండుటకు వీలులేదు. కంపెనీ అను ఏర్పాటు వలన కలుగు లాభమును పొందినవాడు, ఆ ఏర్పాటుకు ప్రతిఫలముగా తన పేరు చెప్పుటకు బద్ధుడని నా నిశ్చితాభిప్రాయము. మన రాజ్యాంగము ఈ అభిప్రాయమునకు అడ్డురాదు సరిగదా, చక్కగా పరిశీలించినచో ఊతమిచ్చును.

1897లో ఇంగ్లండు ప్రభువుల సభ, సాలమన్ అను పాదరక్షల వర్తకుని వ్యాజ్యమున, కంపెనీ వేరు, దానిని స్థాపించిన మనిషి వేరు అని తీర్పు చెప్పినది. కంపెనీ దివాలా తీసినచో అప్పులవారు కంపెనీ ఆస్తినే పట్టుకొనవలెను గాని వాటాదారుని ఇల్లువాకిళ్లు ముట్టుకొనరాదు. పరిశ్రమలు పెరుగుటకు ఈ సూత్రము ఎంతో తోడ్పడినది. దానిని నేను తప్పుపట్టను. కాని ఇది ప్రకృతిసిద్ధమైన హక్కు కాదు. శాసనసభ చట్టము చేసి ఇచ్చిన వరము. సేద్యము చేయు రైతు అప్పుపడినచో అతని భూమి, పశువులు, పుస్తెలతాడు దాకా పోవును. కంపెనీ పెట్టినవానికి ఆ భయము లేదు. ఇంత రక్షణ ఇచ్చిన సమాజము, రక్షణ పొందినవాని పేరు తెలుపుమని అడుగుట దౌర్జన్యము ఎట్లగును?

ఈ సందర్భమున మన విశాఖపట్నము పేరుతో భారత న్యాయచరిత్రలో నిలిచిపోయిన ఒక వ్యాజ్యమును తలచుకొనక తప్పదు. కేంద్రప్రభుత్వమునకు చెందిన స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషను మీద విశాఖపట్నము వాణిజ్యపన్నుల అధికారి అమ్మకపు పన్ను విధింపబోగా, ఆ సంస్థ నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లి, రాజ్యాంగము పౌరులకిచ్చిన వ్యాపారస్వేచ్ఛకు ఈ పన్ను భంగకరమని మొరపెట్టుకొన్నది. తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ముందు నిలిచిన మొదటి ప్రశ్న పన్నును గూర్చినది కాదు. కంపెనీ పౌరుడగునా, కాదా అని. 1963లో అధికసంఖ్యాకులైన న్యాయమూర్తులు కాదని తేల్చిరి. 19వ అధికరణము పౌరులకిచ్చిన వాక్స్వాతంత్ర్యము, సంచారస్వాతంత్ర్యము, వృత్తిస్వాతంత్ర్యము రక్తమాంసములు గల పౌరులవే గాని, రిజిస్ట్రారు పుస్తకములో నమోదగుటచే పుట్టిన వ్యక్తిత్వమునకు చెందవని ఆ తీర్పు సారము. మరుసటి ఏడు టాటా ఇంజనీరింగు కంపెనీ, ముసుగు తొలగించి మా వెనుకనున్న వాటాదారులను చూడుడు, వారు పౌరులే గదా అని వాదించినది. న్యాయస్థానము ఒప్పుకొనలేదు. కంపెనీగా ఉండుటలోని లాభమును పొందుచు, హక్కుల కొరకు మాత్రము కంపెనీ కాదనుట చెల్లదని ఆ నిర్ణయమునుండి నేను గ్రహించినది.

తరువాత 1970లో బ్యాంకుల జాతీయకరణ వ్యాజ్యమున మార్పు వచ్చినది. ఐతే ఆ మార్పు ఎట్లు వచ్చినదో గమనింపదగినది. రుస్తుం కవాస్జీ కూపర్ అను వాటాదారుడు, తన పేరుతో, తన వాటాలు చూపుకొని, నా హక్కునకు భంగము కలిగినదని న్యాయస్థానము ముందు నిలిచెను; న్యాయస్థానము అతని మొర వినెను. అనగా హక్కు కావలెనన్న మనిషి వెలుగులోనికి రావలెను. కంపెనీ పేరుమీద కంపెనీ యజమాని ఏకాంతమును కాపాడుమని అడుగుటకు మన రాజ్యాంగమున గట్టి ఆధారము నాకు కనబడదు. సమానత్వమును కోరు 14వ అధికరణము ‘వ్యక్తి’ అన్నది గావున కంపెనీకిని వర్తించును. అన్యాయమైన వివక్ష జరిగినచో కంపెనీ మొరపెట్టుకొనవచ్చును. కాని ఏకాంతము, గౌరవము, కుటుంబజీవనము మనిషివి. వాటికి హాని కలుగుననువాడు మనిషిగా వచ్చి చెప్పవలెను.

అమెరికాలో ఈ వివాదము వేరు దారిని నడచినది. అచ్చట కంపెనీల పారదర్శకతా చట్టము 2021 జనవరి 1న శాసనమై, 2024 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. కంపెనీలో నాల్గవవంతు వాటా గలవారును, దానిపై గణనీయమైన అధికారము చలాయించువారును తమ పేరు, పుట్టినతేదీ, చిరునామా, గుర్తింపుపత్రము ఆర్థిక నేరముల నిరోధక శాఖకు సమర్పింపవలెనని నియమము. అది ప్రజలు చూచు పట్టిక కూడ కాదు. ముఖ్యముగ నేరపరిశోధకులకు అందుబాటులో ఉండవలసినది. సుమారు మూడుకోట్ల ఇరవైలక్షల సంస్థలకు ఇది వర్తించునని ఆ శాఖయే అంచనా వేసినది. అయినను అలబామాలోని ఫెడరలు న్యాయమూర్తి 2024 మార్చి 1న, ఇట్టి చట్టము చేయుటకు కాంగ్రెసునకు రాజ్యాంగము అధికారమీయలేదని తీర్పు చెప్పెను. ఆరిగాను, వర్జీనియా రాష్ట్రములలోని న్యాయమూర్తులు అట్టి వాదమును నమ్మక చట్టము అమలును ఆపుటకు నిరాకరించిరి. అదే సంవత్సరము డిసెంబరు 3న టెక్సాసు తూర్పు జిల్లా న్యాయస్థానము దేశమంతటను దాని అమలును ఆపివేసినది. 2025 జనవరి 23న సుప్రీంకోర్టు ఆ ఆజ్ఞను నిలిపివేసినను, మార్చి నెలలో ప్రభుత్వమే వెనుకకు తగ్గి, స్వదేశములో స్థాపింపబడిన కంపెనీలకు ఈ విధి లేదని, విదేశములలో స్థాపింపబడి అమెరికాలో నమోదైనవాటికి మాత్రమే వర్తించునని నియమమును మార్చివేసినది.

టెక్సాసు తూర్పు జిల్లా అనగా మన పాఠకులకు దూరదేశము కాదు. ప్లేనో, ఫ్రిస్కో మొదలగు పట్టణములు ఆ న్యాయస్థానము పరిధిలోనివే. అనకాపల్లినుండి, విశాఖనుండి వెళ్లి అచ్చట సాఫ్ట్‌వేరు కన్సల్టెన్సీలు, పెట్రోలు బంకులు, ఇండ్ల స్థలముల సంస్థలు నడుపుకొనుచున్న తెలుగువారు ఎందరో. వారిలో చాలమంది నిజాయితీగా చెమటోడ్చి సంపాదించుకొన్నవారు. ఒక చిన్న సంస్థ నడుపుకొను ఇల్లాలికి, ఫారము పంపుట ఆలస్యమైనచో రోజునకు ఐదువందల డాలర్ల జరిమానా పడునను భయము నాడు సామాన్యమైనది కాదు. ఆ రోజులలో కోర్టులు ఒకవారము ఔననుటయు, మరొకవారము కాదనుటయు వారిని ఎంత తికమకపెట్టినదో ఊహింపవచ్చును. చిన్నవారిమీద భారము మితిమీరినదను ఆక్షేపణ న్యాయమైనదే. కాని దానికి మందు భారమును తగ్గించుట. చట్టమునే కోట్లాది సంస్థలమీదినుండి ఎత్తివేయుట కాదు. ప్రజలెవరును చూడని పట్టికలో, ప్రభుత్వమునకు మాత్రమే, తన పేరు చెప్పుట కూడ రాజ్యాంగవిరుద్ధమనువారి వాదము నాకు ఎన్నటికిని మింగుడుపడదు.

ఐరోపాలోని వాదము అంతకంటె ఆలోచింపదగినది. అచ్చటి చట్టము 2018లో, కంపెనీల అసలు యజమానుల పట్టికలను ఎవరైనను చూడవచ్చునని శాసించినది. లక్సెంబర్గులోని ఒక యజమాని, నా పేరు బయటపడినచో నన్నును నా కుటుంబమును అపహరింపవచ్చును, బెదిరించి డబ్బు గుంజవచ్చును అని మొరపెట్టుకొనెను. 2022 నవంబరు 22న ఐరోపా న్యాయస్థానము, అందరికిని తలుపు బార్లా తెరచుట వ్యక్తిగత జీవనమునకు అవసరమునకు మించిన భంగమని ఆ నియమమును కొట్టివేసినది. కొన్ని దేశములు వెంటనే పట్టికలను మూసివేసినవి. కాని ఆ న్యాయస్థానమే, అక్రమధనమును అరికట్టు పనిలోనున్న విలేకరులకును పౌరసంఘములకును వాటిని చూచుటలో న్యాయమైన ప్రయోజనము కలదని అంగీకరించినది. 2024లో వచ్చిన క్రొత్త ఆదేశము ఆ మాటను చట్టముగా చేసినది. ఇది నాకు బుద్ధికి అందిన మార్గము. చూడదగిన అక్కర గలవారికి తలుపు తెరువవలెను. అక్కర లేని కుతూహలమునకు తెరువనక్కరలేదు. బ్రిటనులో మాత్రము 2016 నుండి నాల్గవవంతునకు మించిన అధికారము గలవారి పట్టికను ఎవరైనను ఉచితముగ చూచుచునే ఉన్నారు. అందువలన అచ్చట వ్యాపారము మూతబడలేదు.

ఇక మన దేశము. యజమాని పేరు ఒకరిది, డబ్బు మరొకరిది అను రోగము మనకు క్రొత్తది కాదు గావున, 1974లోనే కంపెనీల చట్టమునకు సవరణ చేసి, వాటాలు ఎవరి పేరనున్నవో, ఫలమెవరు అనుభవించుచున్నారో తెలుపుమని శాసించిరి. 2013 చట్టములోని 89, 90వ సెక్షనులు దానిని విస్తరించినవి. 2018 జూనులో నియమములు వచ్చినవి. పరోక్షముగా నైనను పదవవంతు వాటా గాని, లాభములో పదవవంతు గాని, గణనీయమైన ప్రాబల్యము గాని గల మనిషి తన పేరు తెలుపవలెను. కంపెనీ మీద కంపెనీ, దానిమీద మరియొక కంపెనీ ఎన్ని దొంతరలుగా పేర్చినను చివర ఒక మనిషి తేలవలెనని ఈ చట్టము ఉద్దేశము. ఉద్దేశము ఉత్తమమైనది.

దాని ఆచరణకు ప్రసిద్ధమైన ఉదాహరణము మన తెలుగువానిమీదనే పడినది. 2024 మే నెలలో ఢిల్లీ-హర్యానా కంపెనీల రిజిస్ట్రారు, లింక్డిన్ సంస్థ భారత శాఖ తన అసలు యజమానులను గూర్చిన నియమములను పాటింపలేదని, ఆ సంస్థకును, మైక్రోసాఫ్టు అధిపతియై హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్లకును, లింక్డిన్ ప్రధానాధికారి రోస్లాన్స్కీకిని, మరి ఏడుగురికిని కలిపి 27 లక్షల 10 వేల 800 రూపాయల జరిమానా విధించెను. అందులో ఆ ఇద్దరిమీద పడినది తలకు రెండేసి లక్షలు. మైక్రోసాఫ్టు లింక్డిన్‌ను కొన్నది గావున, దాని అధిపతికి ఆ శాఖపై గణనీయమైన ప్రాబల్యము కలదని రిజిస్ట్రారు నిర్ణయము. జీతమునకు పనిచేయు అధిపతిని ఈ చట్టము దృష్టిలో యజమానిగా చూడవచ్చునా అన్నది న్యాయవాదులు తర్కింపదగిన ప్రశ్న. చట్టము ఎంత పెద్దవానికైనను వర్తించునని చూపినందులకు ఆ అధికారిని నేను తప్పుపట్టను. కాని నాదెళ్లవారు మైక్రోసాఫ్టును నడుపుచున్నారని ప్రపంచమున తెలియనివారెవ్వరు? ఎవరికిని తెలియని పేర్లు తేల్చుటకు పుట్టిన చట్టము, అందరికి తెలిసిన పేరును పట్టుకొని ఆగిపోరాదు. దాని అసలు పని మాకవరపాలెము దారిలోను, రావికమతము కొండలలోను, మన రోలుగుంట గట్లమీదను ఉన్నది.

ఈ చట్టములో పాఠకులు గట్టిగా గుర్తుంచుకొనవలసిన లోపమొకటి కలదు. 94వ సెక్షను ప్రకారము కంపెనీ సభ్యుల పట్టికను, అనగా కాగితముమీద వాటాలు ఎవరి పేరనున్నవో తెలుపు పుస్తకమును, రుసుము చెల్లించి బయటివాడెవడైనను పని వేళలలో చూడవచ్చును. 90వ సెక్షను ప్రకారము కంపెనీ ఉంచవలసిన అసలు యజమానుల పుస్తకమును చూచు హక్కు మాత్రము ఆ కంపెనీ సభ్యులకే చట్టము ఇచ్చినది. చూపుడు పేర్ల పుస్తకము లోకమునకును, నిజమైన పేర్ల పుస్తకము లోపలివారికిని! లోపలివారికి ఆ నిజము చెప్పవలసిన పనియే ఉండదు, వారికి తెలిసినదే. తెలియనిది ఊరివారికి, అప్పులిచ్చినవారికి, కార్మికులకు, పన్ను కట్టు ప్రజలకు. సమాచారము ఎవరికి అక్కరయో వారికి దానిని అందనీయని ఈ ఏర్పాటును ఎవరును ప్రశ్నింపకుండుట నాకు మనస్తాపము కలిగించుచున్నది.

తెలియకపోవుట వలన ఎంత నష్టము వాటిల్లునో తెలుగుదేశమునకు వేరుగా బోధింపనక్కరలేదు. 2008 డిసెంబరులో సత్యం కంప్యూటర్స్, అధిపతి కుటుంబమునకే చెందిన మేటాస్ సంస్థలను కొనుటకు నిశ్చయించి, వాటాదారుల ఆగ్రహమునకు వెనుకంజ వేసినది. మూడువారములైన పిమ్మట, 2009 జనవరి 7న ఆ అధిపతి రామలింగరాజు లేఖ బయటపడినది. ఏడువేల కోట్ల రూపాయల మేర లెక్కలు కల్పితములని తేలినది. ఆ కుటుంబము చుట్టును వందలకొలది చిన్న కంపెనీలు అల్లుకొనియున్నవని, వాటి పేరుమీద భూములు కొనబడినవని పరిశోధకులు తరువాత చెప్పిరి. అధిపతుల వాటాలు తాకట్టులో ఉన్నవని సామాన్య వాటాదారునకు తెలియలేదు; ఆ ఉపద్రవము తరువాతనే, తాకట్టు పెట్టిన వాటాలను వెల్లడింపవలెనని సెబీ నియమము చేసినది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము పదిమందిని దోషులుగ నిర్ణయించినది. శిక్ష పడినది నిజమే. కాని ఉద్యోగము పోయినవానికి, పెండ్లికని దాచిన డబ్బు వాటాలలో పెట్టి పోగొట్టుకొన్న తండ్రికి, ఆ శిక్ష ఏ నష్టమును పూడ్చినది? ఎవరికేవి సొంతమో ముందే వెలుగులో ఉన్నచో, లేఖ వరకు పోకుండగనే ప్రశ్నలు పుట్టెడివి.

బినామీ నిషేధ చట్టము కథ మరింత విచారకరమైనది. 1988లో చేసిన చట్టము, ఆస్తి స్వాధీనపరచుకొనుటకు కావలసిన ఏర్పాట్లు లేక ఇరువదియెనిమిదేండ్లు పుస్తకములోనే ఉండిపోయినది. 2016లో పెద్ద సవరణ చేసి నవంబరు 1 నుండి అమలు చేసిరి. గణపతి డీల్‌కాం వ్యాజ్యమున, తెలుగువారైన నాటి ప్రధానన్యాయమూర్తి నూతలపాటి వెంకటరమణ గారు అధ్యక్షులుగ నున్న ధర్మాసనము 2022 ఆగస్టు 23న, పాత చట్టములోని శిక్షాసెక్షను, స్వాధీనపు సెక్షను మొదటినుండియు రాజ్యాంగవిరుద్ధములని, క్రొత్త కఠిననియమములు వెనుకటి వ్యవహారములకు వర్తింపవని తీర్పు చెప్పినది. నేరము కాని కాలమున చేసిన పనికి తరువాత నేరమని శిక్షింపరాదను సూత్రము ఆ తీర్పుకు ప్రాణము. ఆ సూత్రమును నేను శిరసావహింతును. అయితే రెండేండ్లు గడచిన పిదప, 2024 అక్టోబరు 18న మరియొక ధర్మాసనము, ఆ సెక్షనుల రాజ్యాంగబద్ధతను గూర్చి నాడు ఎవరును వాదమే చేయలేదు గావున తీర్పును వెనుకకు తీసికొనుచున్నామని ప్రకటించినది. ప్రశ్న మరల మొదటికి వచ్చినది. ఇంత పెద్ద విషయము, ఉభయపక్షముల వాదము లేకుండ తేలుటయు, మరల తెరువబడుటయు దేశమునకు మేలు కాదు. కంపెనీ యజమానుల వెల్లడి చట్టముమీద రేపు సవాలు వచ్చినప్పుడైనను, పేరు దాచినవాని వాదముతోపాటు పేరు తెలియక నష్టపోయినవాని వాదమును కోర్టు వినవలెను.

మన్యములో ఈ రెండవవాని వాదము న్యాయస్థానము చెవిని పడిన సందర్భములు కలవు. 1959 నాటి భూమి బదిలీ నిబంధనలు 1970లో సవరింపబడి, ఏజెన్సీ ప్రాంతమున గిరిజనేతరుని స్వాధీనములోనున్న భూమి గిరిజనునినుండి సంక్రమించినదనియే, వేరుగా రుజువగువరకు, భావింపవలెనని శాసించినవి. రుజువు భారమును స్వాధీనములో నున్నవానిమీదనే మోపిన ఈ నియమము రాజ్యాంగవిరుద్ధమని పి. రామిరెడ్డి వ్యాజ్యములో వాదించిరి. 1988లో సుప్రీంకోర్టు ఆ నియమమును నిలబెట్టినది. కాగితముమీది పేరును నమ్మి మోసపోయిన జాతులకు, కాగితమును దాటి చూచు చట్టము అవసరమని అంగీకరించిన తీర్పు అది. 1997లో సమతా సంస్థ వేసిన వ్యాజ్యమున, అనంతగిరి మండలము బొర్రా ప్రాంతపు గనుల లీజులను గూర్చి, షెడ్యూల్డు ప్రాంతములో గిరిజనేతర కంపెనీలకు గనులు ఇచ్చుట చెల్లదని చెప్పినదియు ఆ కోర్టే. ఆ తీర్పు తరువాత ముసుగు రూపు మారినదని, గిరిజనుల పేరుతోను గిరిజనసంఘముల పేరుతోను పెట్టుబడిదారులే లీజులు నడుపుచున్నారని మన్యములో చిరకాలముగ ఆరోపణ వినబడుచున్నది. ముసుగు తీసి చూచు పట్టిక ఒకటి లేనంతకాలము ఆ ఆరోపణ నిజమో కాదో తేలదు. నిజాయితీగా సంఘము నడుపుకొను గిరిజనునికి కూడ ఆ నింద తప్పదు.

రోలుగుంటకు ఇందులో మరింత చిక్కు కలదు. నాటి విశాఖ జిల్లానుండి 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలో చేరిన మా మండలములో కొండలనంటి గిరిజన పల్లెలున్నవి; అవి ఐదవ షెడ్యూలు వెలుపల నుండిపోయినవి. షెడ్యూలులో చేర్పుడని ఆ పల్లెవాసులు ఏండ్లతరబడి కోరుచున్నారు. షెడ్యూల్డు ప్రాంతములో నైనచో 1996 నాటి పెసా చట్టము ప్రకారము చిన్న ఖనిజముల లీజులకు గ్రామసభ గాని తగిన స్థాయి పంచాయతీ గాని ముందుగా సిఫారసు చేయవలెను. షెడ్యూలు గీతకు ఇవతలనున్న పల్లెకు ఆ ఆయుధము లేదు. అదే గిరిజనుడు, అదే కొండ, అదే పేలుడు. గీత మాత్రము వేరు. ఇట్టి పల్లెలకు యజమాని పేరు తెలిసికొను హక్కయినను మిగులవలెనని నేను ఆర్తితో కోరుచున్నాను.

పేరు తెలిసినందువలన కలుగు మేలును చోడవరమువారు ఎరుగని వారు కారు. గోవాడ సహకార చక్కెర కర్మాగారము రైతులది; సభ్యులెవరో, పాలకవర్గమెవరో ఊరూర తెలిసినదే. దానికి కష్టములు వచ్చినవి, చెరకు బకాయిలు పడినవి; కాని ఎవరి గుమ్మము ముందు కూర్చుండవలెనో తెలిసియే రైతులు కూర్చుండిరి. క్వారీ కంపెనీ విషయములో ఆ గుమ్మము ఎక్కడనున్నదో తెలియదు.

వెల్లడికి అడ్డుచెప్పువారు 2017 నాటి పుట్టస్వామి తీర్పును చూపుదురు. ఏకాంతము ప్రాథమికహక్కని తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ చెప్పిన ఆ తీర్పును నేను గౌరవించువాడను. అయితే ఆ హక్కునకు హద్దు గీయుటకు మార్గమును ఆ తీర్పే చూపినది: చట్టముండవలెను, ధర్మమైన ప్రయోజనముండవలెను, ప్రయోజనమునకు తగినంతకంటె మించి జోక్యము కలుగరాదు. ఆ తూనికలోనే 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్లను తూచి, దాతల పేరు దాచుట ఓటరు తెలిసికొను హక్కునకు భంగమని వాటిని కొట్టివేసినది. లాభములతో నిమిత్తము లేకుండ కంపెనీలు ఎంతయైనను విరాళమీయవచ్చునను సవరణను గూడ తోసిపుచ్చినది. స్టేట్ బ్యాంకు పట్టిక బయటపడిన దినమున హైదరాబాదు మేఘా ఇంజనీరింగు 966 కోట్లకు బాండ్లు కొన్నదని దేశము చదివినది. ఆ పేరు మనకు తెలిసినదే. మూడవస్థానమున 410 కోట్లకు కొన్న క్విక్ సప్లై చెయిన్ అను కంపెనీ పేరు సామాన్యులెవరును విని యుండలేదు. ఇది ఎవరిదని దేశమంతయు అడిగినది. విలేకరులు డైరెక్టర్ల పేర్లు పట్టుకొని వెదుకవలసి వచ్చినది. దాత పేరు తెలిసినంతమాత్రమున పని తీరలేదు. దాత వెనుకనున్న మనిషి పేరు కావలసి వచ్చినది.

కావున నా కోరిక మితమైనది. యజమాని ఇంటి చిరునామా, పాన్ సంఖ్య, పుట్టినతేదీ లోకమునకు చూపనక్కరలేదు. అవి ప్రభుత్వమువద్ద భద్రముగ ఉండనిండు. పేరు, దేశము, వాటా ఎంత, అధికారము ఏ విధముగ కలిగినది, ఇంతమాత్రము తెలిసిన చాలును. అదియును ప్రతి చిన్న కిరాణా కంపెనీకి అక్కరలేదు. కొండ, ఇసుక, నీరు, అడవి, ప్రభుత్వభూమి, ప్రభుత్వ కాంట్రాక్టు, వీటిలో దేనినైనను పుచ్చుకొన్న కంపెనీకి మాత్రము తప్పనిసరి చేయవలెను. సమాజపు భౌతికసంపదలు సర్వజనహితమునకై పంపిణీ కావలెనని 39వ అధికరణము ఆదేశించుచున్నది. పంపిణీ అయినది ఎవరికో తెలియనిచో ఆ ఆదేశము నెరవేరినదో లేదో ఎవరు చెప్పగలరు? గనుల రంగమున పారదర్శకతకై ఏర్పడిన ఈఐటీఐ అను అంతర్జాతీయ వ్యవస్థ తన సభ్యదేశములు 2020 నుండి అసలు యజమానులను వెల్లడింపవలెనని నియమించినది. భారతదేశము అందులో సభ్యురాలు కాదు.

దీనికి ఢిల్లీలో చట్టసవరణ జరుగువరకు వేచియుండనక్కరలేదు. 1957 నాటి గనుల చట్టము 15వ సెక్షను చిన్న ఖనిజములపై నియమములు చేయు అధికారమును రాష్ట్రప్రభుత్వమునకే ఇచ్చినది. 1966 నాటి ఆంధ్రప్రదేశ్ చిన్న ఖనిజముల నియమములకు ఒక్క వాక్యము చేర్చినచో చాలును: లీజు కోరు ప్రతి కంపెనీ తన అసలు యజమానుల పేర్లు దరఖాస్తులో వ్రాయవలెను, ఆ జాబితాను గ్రామపంచాయతీ కార్యాలయములో తెలుగులో అంటింపవలెను, అబద్ధము వ్రాసినచో లీజు రద్దగును. ఇది ఒకరి ఇంటిలోనికి ప్రభుత్వము చొరబడుట కాదు. కొండ యజమానియైన ప్రభుత్వము తాను ఇచ్చు లీజుకు షరతు పెట్టుట. షరతు ఇష్టము లేనివాడు లీజు అడుగకుండుటకు స్వతంత్రుడు. పౌరుని నిర్బంధించు చట్టముకంటె, వరము కోరినవానికి పెట్టు షరతు రాజ్యాంగపరీక్షలో గట్టిగా నిలుచునని నా నమ్మకము.

ఒక్క ఆందోళన మాత్రము నాకు కలదు. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము, సమాచారహక్కు చట్టములోని 8(1)(జె) నియమమును సవరించి, వ్యక్తిగతమనదగిన ఏ సమాచారమునైనను నిరాకరించుటకు అధికారులకు తేలిక దారి కల్పించినది. ప్రజాప్రయోజనము అధికమైనచో ఈయవచ్చునను 8(2) ఇంకను మిగిలియున్నది. కాని దానిని ప్రయోగించు ధైర్యము మండల స్థాయి అధికారికి ఎంత ఉండునో అందరికి తెలిసినదే. క్వారీ యజమాని పేరును గూడ వ్యక్తిగత సమాచారమని త్రోసిపుచ్చు దినము రాకముందే, నియమములలో స్పష్టముగ ఈ వెల్లడిని చేర్చుట మేలు.

చోడవరము శాసనసభ్యులకును, అనకాపల్లి పార్లమెంటు సభ్యులకును ఈ వ్యాసము ద్వారా నా విన్నపమిదియే: ఈ షరతును చేర్చుమని గనులశాఖను కోరుడు. రోలుగుంట, రావికమతము, బుచ్చెయ్యపేట మండలముల పంచాయతీ సర్పంచులకు మరొక మాట. రాబోవు గ్రామసభలో ఈ కోరికను తీర్మానముగ చేసి, మినిట్సు పుస్తకములో వ్రాయించి, నకలు కలెక్టరు గారికి పంపుడు. క్వారీ లీజు గడువు పొడిగింపునకు దరఖాస్తు వచ్చిన ప్రతిసారియు, అందలి కంపెనీ ఎవరిదని వ్రాతపూర్వకముగ అడుగుడు. అడిగిన ప్రశ్నకు జవాబు రానిచో, ఆ రాకపోవుటను గూడ పుస్తకములో వ్రాయించుడు.